వాడి సాంచాలు, నా కడుపుమంట

ఆ రోజుల్లో మా ఊరికి నిశ్శబ్దం అంటే ఏమిటో తెలియదు. మానేరు ఒడ్డున ఏ గల్లీలోకి పోయినా రెండో మూడో సాంచాల షెడ్లు ఉండేవి (మరమగ్గాన్ని మా దగ్గర సాంచా అంటారు), తెల్లారింది మొదలు ఊరంతా టకటకమంటూ ఉండేది. వేములవాడ రాజన్నకు మొక్కు చెల్లించుకోవడానికి పోయే చుట్టాలు దారిలో మా ఇంట్లో ఒక పూట ఆగితే, చెవుల్లో వేళ్లు పెట్టుకుని "మీరు గిండ్ల ఎట్ల బతుకుతున్నరే" అనేవాళ్లు. మాకు మాత్రం ఆ చప్పుడు ఉంటేనే నిద్ర పట్టేది, ఆగితే మెలకువ వచ్చేది. ఇప్పుడు నేను హుజూరాబాద్‌లో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్పుకుని బతుకుతున్నాను. ఈర్ష్య అనే మాట పాఠంలో వచ్చినప్పుడల్లా "ఈర్ష్య మనిషిని లోపల్నించి తినేస్తుందిరా పిల్లలూ" అని గంభీరంగా చెప్తాను. నాకు స్వయంగా తెలిసిన ఈర్ష్య సంగతి మాత్రం చెప్పను. అది సిలబస్‌లో లేదు.

నా ఈర్ష్యకు ఒక పేరుంది. రాగం. అది వాడి అసలు పేరు కాదు, రెండు గుక్కలు లోపల పడగానే పాట ఎత్తుకునేవాడు కాబట్టి షెడ్డులో అందరూ అలా పిలిచేవాళ్లు. వాడూ నేనూ ఒకే గల్లీ, ఒకే బడి, ఒకే బెంచి. నాకంటే ఏడాది పెద్ద, కానీ ఒక క్లాసు ఆగిపోయి నా పక్కకు వచ్చి కూర్చున్నాడు. ఏడో తరగతి పరీక్షలో నా పేపరు చూసి ఉన్నదున్నట్టు దింపి నాకంటే రెండు మార్కులు ఎక్కువ తెచ్చుకున్నాడు. చేతిరాత బాగుందట! మానేరులో ఈత నేను ముందు నేర్చుకున్నాను, అవతలి ఒడ్డు వాడు ముందు ముట్టాడు. ఆఖరికి మా అవ్వ కూడా, ఇంట్లో కోడికూర వండిన రోజు "రాగంగాన్ని గూడ పిలువు బిడ్డా, పాపం సన్నగైండు" అని వాడికి లెగ్గుపీసు వేసేది. వాడు సన్నబడింది కూడు లేక కాదు, తాగుడు ఎక్కువై. తాగినవాడికి లెగ్గుపీసు, తాగనివాడికి మెడకాయ. ఇదెక్కడి న్యాయం అని అడిగితే "ఓర్వలేనోడా" అని నన్నే తిట్టేది.

ఇంటర్ అయ్యాక నేను సాంచాలు పట్టాను, వాడు అప్పటికే పట్టి ఉన్నాడు. ఒక మనిషికి ఎనిమిది సాంచాలు. నా ఎనిమిది ఒక వరుస, వాడి ఎనిమిది పక్క వరుస. పని చూడ్డానికి సులువే. నూలు చుట్టిన కండె అయిపోగానే తీసి ఇంకో కండె వెయ్యాలి, పోగు తెగితే సాంచా ఆపి ముడెయ్యాలి. అంతే. కానీ ఆ ఎనిమిదీ ఒకదాని తర్వాత ఒకటి చంటిపిల్లల్లా ఏడుస్తాయి. ఒక్క కండె చూసుకోకపోతే బట్టలో సందు పడుతుంది, ఒక్క పోగు వదిలేస్తే నేసిన బట్ట తాను పొడుగునా గీత పడుతుంది. ఆ గీతలు మా సేటు కంట్లో పడితే ఇక చూడాలి. సేటు మంచివాడే గానీ బట్ట దగ్గర మాత్రం కన్నతండ్రిని కూడా నమ్మడు. ప్రతి తానునూ ఎండ పడే కిటికీ దగ్గర కర్రమీదుగా లాగి, ముక్కు ఆనించి మరీ చూసేవాడు.

షెడ్డులో ఇంకొక విశేషం ఉంది, అది ముందే చెప్పాలి. అన్ని సాంచాలు నడుస్తుంటే పక్కవాడి చెవిలో నోరు పెట్టి అరిచినా వినపడదు. అందుకని మాదంతా సైగల భాష. గుప్పిట నోటి దగ్గర పెడితే చాయ్, చిటికెన వేలు చూపిస్తే ఒకటికి, మెడ మీద చెయ్యి అడ్డంగా గీస్తే సేటు వస్తున్నాడని. మాటలు ఎవరికీ వినపడవు కాబట్టి నోటికి పూర్తి స్వాతంత్ర్యం. షెడ్డులో ఒక ముసలాయన ఉండేవాడు, మేము తాతా అనేవాళ్లం. పొద్దస్తమానం కండెలు మారుస్తూ తన పెండ్లాం మీద కంప్లయింట్లు గొంతెత్తి చదివేవాడు. సాయంత్రానికి మనసు తేలికై, పిల్లిలా ఇంటికి పోయేవాడు. నాకు ఆ అలవాటు ఆయన దగ్గరే అంటింది. సేటు ఎదురుగా నిలబడి నవ్వుముఖం పెట్టి, "నీ బట్టతల మీద బండ పడ" అని అరిస్తే ఆయన కూడా నవ్వి తలూపేవాడు. ఇంత సుఖం ఏ ఉద్యోగంలో ఉంటుంది చెప్పండి!

ఆ ఏడు రాగం తాగుడు బాగా ముదిరింది. మొదట సాయంత్రం కల్లు, తర్వాత మధ్యాహ్నం క్వార్టరు, చివరికి పొద్దున్నే ముఖం కడగకముందు బెల్టు షాపు. సేటు రెండు సార్లు చెప్పి చూశాడు. మూడోసారి "ఇంకొక్క తాను ఖరాబైందా, సాంచాలు దిగుడే. ఇగ నా గడప తొక్కకు" అన్నాడు. మా ఊళ్లో తాగుబోతు అని ముద్ర పడ్డవాడికి ఇంకో సేటు పని ఇవ్వడు. మిగిలేది భీవండి. మహారాష్ట్రలో ఆ సాంచాల ఊరికి మా వాళ్లు చాలామంది పోయేవాళ్లు. తాగుడు అలవాటున్నవాళ్లు అక్కడికి ఒంటరిగా పోయి మనుషుల్లా తిరిగి రావడం నేను చూడలేదు. వదిన, అంటే వాడి భార్య, ఒక పొద్దున చంకలో బిడ్డను వేసుకుని మా ఇంటి గుమ్మంలోకి వచ్చింది.

"తమ్మీ, నువ్వొక్కనివే గాయన పక్కపొంటి ఉండేటోనివి. జర కనిపెట్టుకో. పని పోతే భీవండి పోతనంటుండు. మా పెద్దన్న గట్లనే పోయిండు. పోయినోడు మళ్ల రాలే" అంది. ఆమె ఏడవలేదు. ఏడిస్తే ఏదో ఒకటి చెప్పి పంపేవాణ్ని. నేను ఛాతీ విరుచుకుని "నువ్వు ఫికర్ చెయ్యకు వదినా, నేనున్న గద" అన్నాను. (అప్పటికి నాకు ఇరవై ఒకటో ఏడు. ఆ వయసులో మగవాడు "నేనున్న గద" అనడానికి కారణాలు అక్కర్లేదు.)

నేనున్నాననే మాటకు నేను పెట్టుకున్న అర్థం ఏమిటంటే, వాడి పని కూడా నేనే చెయ్యడం. వాడు పొద్దున ఏడింటికి వచ్చి, సేటుకు ముఖం చూపించి, నూలు బస్తాల వెనక్కి పోయి పడుకునేవాడు. నేను పదహారు సాంచాల మధ్య పరుగెత్తేవాణ్ని. మిగతావాళ్లకు తల తిప్పి చూసే తీరిక లేదు, ఎవరి ఎనిమిది వాళ్లకు ఏడుస్తుండేవి. పదహారు సాంచాలు ఒక మనిషి వల్ల అయ్యే పని కాదు. ఏదో ఒకటి వదలాలి. వాడికి ఆఖరి అవకాశం, నాకు అలాంటి గండం లేదు. అందుకని కళ్లు వాడి సాంచాల మీదే పెట్టాను. వాడి పోగు తెగితే నా ప్రాణం తెగినట్టు ఉరికేవాణ్ని. అయిపోబోయే కండెను ముందే పసిగట్టి మార్చేవాణ్ని. నా ఎనిమిదీ దిక్కులేని పిల్లల్లా వాటి పాటికి అవి కొట్టుకునేవి.

వారం తిరిగింది. సేటు కిటికీ దగ్గర వాడి తాను లాగాడు. ముక్కు ఆనించాడు. మళ్లీ లాగాడు. ఒక్క గీత లేదు, ఒక్క సందు లేదు. తర్వాత నా తాను లాగాడు. రెండు మూరలు లాగేసరికి ఆయన ముఖం మాడింది. మధ్యాహ్నం కరెంటు కోత టైములో (ఆ రోజుల్లో కోతకు కూడా టైము ఉండేది, దాన్ని బట్టి గడియారం సరిచేసుకోవచ్చు) అందరి ముందు నన్ను నిలబెట్టి నా బట్టను నా మీదే కప్పాడు.

"ఏందిరా ఇది? బట్టనా, చేపల వలనా? వాణ్ని జూసి నేర్చుకో. తాగుబోతని అందరు అంటిరి. వాని చేతిల పనితనం ఉన్నదిరా. నీ చేతిల ఏమున్నది?"

నా చేతిలో ఏముందో చెప్పలేను, చెప్తే వాడి పని పోతుంది. రాగం అప్పుడే బస్తాల వెనక నుంచి లేచి వచ్చి, తలలో దూదిపింజలతో నిలబడి, సంగతి అర్థం కాక, మర్యాదకు చేతులు కట్టుకున్నాడు. సేటు వాడి భుజం తట్టాడు. అందరూ వాడి వైపు చూశారు. అప్పుడు నా కడుపులో ఏదో భగ్గుమంది. ఆలోచించండి, నేను నేసిన బట్టను చూసి నేనే కుళ్లుకుంటున్నాను! లోకంలో ఎదుటివాడి మేడ చూసి కుళ్లుకున్నవాళ్లు ఉన్నారు, పెండ్లాన్ని చూసి కుళ్లుకున్నవాళ్లు ఉన్నారు. తన చెమట తానే కార్చి, అది పక్కవాడి నుదుటి మీద మెరుస్తుంటే చూసి ఏడ్చినవాణ్ని నేనొక్కణ్నే అయ్యుంటాను.

అక్కడితో ఆగినా బాగుండేది. చాయ్ హోటల్లో సేటు వాడికి తన చేత్తో చాయ్ అందించాడు. (నాకు అక్కడ మూడేళ్లు. నా చాయ్ ఎప్పుడూ నేనే అందుకున్నాను.) తాత వచ్చి "మా రాగంగాడు బాగుపడ్డడు పో" అని వాడి నెత్తి నిమిరాడు. మా అవ్వ చెవిన పడి, ఆదివారం లెగ్గుపీసులు రెండూ వాడి కంచంలోకే పోయాయి. వదిన ఒక గిన్నె సకినాలు నాకు పంపింది గానీ, దాంతో పాటు చెప్పి పంపిన మాట కూడా వాడి గురించే: "నీ దోస్తుకు సేటు దగ్గర మంచి పేరు వచ్చిందట, అందుకే చేసిన." నేను ఆ సకినాలు కోపంగా నమిలాను. సకినాలకు కోపం బాగానే కుదురుతుంది, కరకరమంటాయి.

అసలు ప్రమాదం ఇంకోవైపు నుంచి వచ్చింది. ఒకరోజు వాడు కల్లు కంపౌండు గోడ మీద కూర్చుని నన్ను పిలిచాడు. ముఖం వెలిగిపోతోంది.

"అరేయ్, నీకొక్కనికే చెప్తున్న. నాకు ఎరుకనే ఉంటలేదురా. పొద్దుగాల జర తాగుత, కన్ను మూసుకుపోతది, లేచేసరికి తాను తయారున్నది. నా చేతులు వాటికవే నేస్తున్నయ్! తాగనప్పుడు నేసిన తాన్లు అన్ని గీతలే ఉండె, యాదికున్నదా? గిప్పుడు జూడు. నా చెయ్యి తిరగాల్నంటే మందు పడాలెరా."

వాడు వేళాకోళం ఆడట్లేదు. నిజంగా నమ్మాడు. ఆ నమ్మకం మీద క్వార్టరును హాఫు చేశాడు. పని బాగా జరగాలంటే మందు బాగా పోయాలి కదా! నేను తలకొట్టుకున్నాను. వాణ్ని కాపాడడానికి పూనుకున్నవాణ్ని, వాడి తాగుడికి సర్టిఫికెట్టు నేసి ఇస్తున్నాను. ఆ రోజే నిజం చెప్పి ఉండాల్సింది. ఎందుకు చెప్పలేదంటే, చెప్తే వాడి ముఖంలో ఆ వెలుగు ఆరిపోతుందనే జాలి కొంత. మిగిలింది నా పొగరు. వదినకు మాటిచ్చాను, పదహారు సాంచాలు నడపగలనని నాకు నేను నిరూపించుకుంటున్నాను. మధ్యలో దిగితే ఎట్లా?

అప్పుడే షెడ్డుకు కొత్త సాంచాలు వచ్చాయి. ఎనిమిది. పెద్ద చీరల ఆర్డరు కోసం తెప్పించారు. ద్వారం పక్కనే, గాలి తగిలేచోట, పైన ఫ్యాను. పాత సాంచాల దగ్గర చెమటలో నానిన మాకు అది ఊటీ. ఎవరికిస్తారో అని వారం రోజులు అందరం సేటు ముందు మంచిబాలురమై తిరిగాం. నేను రెండుసార్లు నూలు బస్తాలు మోసి పెట్టాను, ఎవరూ అడక్కపోయినా. సేటు కొబ్బరికాయ కొట్టి, కొత్త సాంచాలను రాగానికి అప్పగించాడు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. తాత అది చూసి, "దోస్తుకు మంచి జరిగితె గింత సంబురపడేటోడు ఎక్కడుంటడు" అని నన్ను మెచ్చుకున్నాడు.

ఇప్పుడు వాడి సాంచాలు ద్వారం దగ్గర, నావి షెడ్డు చివర. నా పరుగు రెట్టింపయింది. ఆర్డరిచ్చిన పెద్ద సేటు కరీంనగర్ నుంచి వస్తున్నాడని తెలిసిన రోజు, రాగం హాఫు మీద ఇంకొంచెం వేసుకుని, బస్తాల వెనక్కి పోకుండా తిన్నగా సాంచాల దగ్గరికే వచ్చాడు. పెద్దమనిషికి తన పనితనం చూపించాలని వాడి ఉబలాటం. నడుస్తున్న సాంచాలో కండెను మోసే నాడె ఇటునుంచి అటు తూటాలా పోతుంటుంది. వాడు తెగిన పోగు పట్టుకోవడానికి సాంచా ఆపకుండా చెయ్యి లోపలికి పెట్టబోయాడు. నేను షెడ్డు చివర నుంచి చూశాను. ఎట్లా ఉరికానో నాకే తెలియదు, వాడి అంగీ పట్టి వెనక్కి గుంజాను. ఇద్దరం నేలమీద పడ్డాం. వాడి ఐదు వేళ్లూ ఉన్నాయా లేవా అని నేను లెక్కపెడుతుండగా సేటు వచ్చాడు. ఆయన చూసింది ఒక్కటే, పని చేసుకుంటున్న మంచి పనివాణ్ని నేను అంగీ పట్టి కింద పడేయడం. చెవి దగ్గరికి వంగి అరిచాడు:

"కుళ్లుబోతోడా! పనోన్ని పని చేసుకోనియ్యవా?"

ఆ ఒక్క మాట మాత్రం ఆ చప్పుడులో కూడా నాకు స్పష్టంగా వినపడింది. సేటు అటు పోగానే వాణ్ని బస్తాల వెనక పడుకోబెట్టి వచ్చి, పదహారు సాంచాలు అందుకున్నాను.

పదకొండు గంటలకు పెద్ద సేటు వచ్చాడు. మా సేటు కొత్త సాంచా మీది తాను లాగి కిటికీ వెలుతురులో పరిచాడు. పెద్ద సేటు ముక్కు ఆనించాడు. (పెద్ద సేట్లకూ ముక్కులే ఆధారం.) తల పైకెత్తి, వేళ్లు చుట్టి "బహుత్ ఖూబ్" అన్నట్టు సైగ చేశాడు. మా సేటు, ఇది నేసినవాడు ఏడీ అని నన్ను సైగతో అడిగాడు. నేను చిటికెన వేలు చూపించాను. అది ఆ పొద్దటికి నాలుగోసారి. సేటు ముఖంలో జాలి కనిపించింది. వాడికి షుగరుందేమో, డాక్టరుకు చూపించమను అని సైగ చేశాడు. అక్కడ నాకు ఓర్పు తెగింది. వాడి ఆరోగ్యం గురించి కూడా! ఆ పొద్దునే నేను వాడి చెయ్యి కాపాడి కుళ్లుబోతు అనిపించుకున్నాను. నవ్వుముఖం పెట్టుకుని, అలవాటు చొప్పున, గొంతు చించుకుని మొదలుపెట్టాను.

"గా బట్ట నాది సేటూ! అన్ని తాన్లు నావే! నేసింది నేను, పేరు వానిది! నీకు కండ్లున్నయా, ముక్కొక్కటే ఉన్నదా? నువ్వు నెత్తినెక్కించుకున్న నీ పనితనపోడు—"

కరెంటు పోయింది. టైము కాదు, గడియారంలో పదకొండున్నర కూడా కాలేదు. సాంచాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. కానీ బ్రేకు వేసినా బండి కొంతదూరం పోయినట్టు, నా నోరు ఆగలేదు.

"—పొద్దుగాల ఏడింటికే ఫుల్లుగ తాగి నూలు బస్తాల యెనక గుర్రుపెట్టి పన్నడు! కొత్త సాంచాలు నాకియ్యాలె! ఫ్యాను కింద నేను నిలబడాలె!"

షెడ్డులో ఈగ వాలితే వినపడేంత నిశ్శబ్దం. నలభై మంది నా వైపు చూస్తున్నారు. తాత చేతిలో కండె జారి గచ్చు మీద దొర్లిన చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. సేటు నమ్మాడో లేదో తెలియదు గానీ, నమ్మడానికి సాక్ష్యం దానంతటదే లేచి వచ్చింది. మా ఊరివాళ్లకు చప్పుడు ఆగితే మెలకువ వస్తుందని చెప్పాను కదా. బస్తాల వెనక నుంచి రాగం ఉలిక్కిపడి లేచి, నెత్తినిండా దూదితో, ఒక చెంప మీద బస్తా అచ్చుతో, "కరెంటు పోయిందా?" అని అడుగుతూ వచ్చాడు.

సేటు ద్వారం వైపు చెయ్యి చూపించాడు. "ఇద్దరు నడువుండ్రి. ఒకడు తాగుబోతు, ఒకడు అబద్ధాలకోరు" అన్నాడు.

ఎండలో ఇద్దరం నడుచుకుంటూ వచ్చాం. నేను ముందు, వాడు వెనక. వదినకు ఏం చెప్పాలా అనే ఆలోచిస్తున్నాను. ఏ పని పోకుండా కాపాడతానన్నానో ఆ పని నేనే పోగొట్టాను, అదీ ఫ్యాను గాలి కోసం. వాడు తిడితే బాగుండు, కొడితే ఇంకా బాగుండు అనుకున్నాను. వాగు మీది వంతెన దగ్గర వాడు ఆగి, పిట్టగోడ మీద కూర్చున్నాడు. మత్తు దిగిపోయినట్టుంది.

"అన్ని తాన్లు నువ్వే నేసినవా?" అన్నాడు.

"ఆఁ."

"ఒక్కటి గూడ నాది గాదా? సగమన్న?"

అబద్ధం చెప్పాలని నోటిదాకా వచ్చింది. నెల రోజులుగా చెప్తున్నదే కదా, ఇంకొకటి చెప్తే ఏం పోతుంది? కానీ కడుపులో మంట ఇంకా చల్లారలేదు. "ఒక్క మూర గూడ నీది గాదు" అన్నాను.

వాడు తన రెండు చేతులూ ముందుకు చాపి చూసుకున్నాడు. ఆ చేతులు వాటికవే నేస్తున్నాయని వాడు ఎంత గట్టిగా నమ్మాడో నాకు అప్పుడు అర్థమైంది. పని పోయినందుకు వాడు ఏడవలేదు. బట్ట తనది కానందుకు ఏడ్చాడు. నేను పక్కన నిలబడి వాడి నెత్తిలోంచి దూదిపింజలు ఏరాను.

మర్నాడు పొద్దున వాడు మందు తాగకుండా, ఒళ్లంతా చెమటలు కారుతుంటే, సేటు గడప దగ్గర నిలబడ్డాడు. "ఒక్క తాను సేటూ. నేను నేసిందే సూడుండ్రి. బాగ లేకుంటే భీవండి బస్సెక్కుత" అన్నాడు. ఆర్డరు తొందర ఉంది, మనుషులు లేరు, సేటు సరే అన్నాడు. ఒక షరతు మీద. వాడు పాత సాంచాల మీదే నెయ్యాలి, నేను వాడి వరుసలోకి అడుగు పెట్టకూడదు. (నన్ను కూడా తిరిగి రానిచ్చాడు. అబద్ధాలకోరునైనా పదహారు సాంచాలు నడిపినవాణ్నని ఆయనకు లోపల గౌరవం కలిగిందని నా నమ్మకం. మనుషులు దొరక్క అని తాత నమ్మకం.)

వాడి మొదటి తాను ఘోరంగా వచ్చింది. నావి చేపల వలలైతే అది చిరిగిన వల. సేటు కర్ర మీద లాగి, మడిచి పక్కన పెట్టాడు. భీవండి అనలేదు. "ఇంకోటి నెయ్యి" అన్నాడు. వదిన వాణ్ని సర్కారు దవాఖానకు తీసుకుపోయింది, డాక్టరు గోలీలు రాసి, వారం వారం రమ్మన్నాడు. అంతా ఒక్కరోజులో అయిపోలేదు. రెండుసార్లు మళ్లీ పడ్డాడు. ఒకసారైతే కల్లు కంపౌండు నుంచి నేనే మోసుకొచ్చాను. కానీ ఆ రెండు రోజులూ వాడి సాంచాలు ఆగే ఉన్నాయి. నేను ముట్టలేదు. ఆగిన సాంచాల ముందుకు వచ్చి నిలబడితే, వాడికి తన పరిస్థితి ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఎన్నో తానో గుర్తు లేదు, ఎండాకాలం అయిపోయి మొదటి వానలు పడుతుండగా, సేటు ఒక తాను లాగి, ముక్కు ఆనించి, నన్ను పిలిచాడు. "ఇది నువ్వు నేసినవా?" అని అనుమానంగా అడిగాడు. "ఒట్టు సేటూ, కాదు" అన్నాను. ఒక్క గీత లేదు. నాకు మళ్లీ కడుపు మండింది.

వదిన అప్పుడు మా ఇంటికి వచ్చి అన్న మాట నేను ఇన్నేళ్లూ మోస్తున్నాను. "అందరి ముంగట అట్ల కుండబద్దలు కొట్టి చెప్పేటందుకు గుండె కావాలె తమ్మీ. గాయన మంచి కోరి చెప్పినవ్" అంది. నేను తల వంచుకుని ఆ మెచ్చుకోలు తీసుకున్నాను, సకినాలు కూడా తీసుకున్నాను. కరెంటు పోయిందని, అది నేను ఫ్యాను కోసం అరిచిన అరుపని చెప్పలేదు.

మొన్న వాడి మనవరాలి ఓణీల ఫంక్షన్‌కు పోయాను. వాడికిప్పుడు సొంత సాంచాలు నాలుగున్నాయి. మందు ముట్టి చాలా ఏళ్లయింది. జుట్టు నెరిసి ఇప్పుడు అచ్చం దూదిలాగే ఉంది, పాట మాత్రం తాగకుండానే పాడుతున్నాడు, గొంతు నాకంటే బాగుంది. భోజనాలయ్యాక షెడ్డు చూపిస్తానని తీసుకుపోయాడు. పండుగ కదా, సాంచాలు ఆపి ఉన్నాయి. ఆ నిశ్శబ్దంలో నాకు ధైర్యం వచ్చిందో, పోయిందో, మొత్తానికి చెప్పేశాను.

"అరేయ్, ఆ దినం నేను నీ మంచి కోరి చెప్పలేదురా. నిన్ను జూసి కుళ్లుకొని అరిచిన."

వాడు పగలబడి నవ్వాడు. "నాకెరుక లేదారా? ఫ్యాను కింద నేను నిలబడాలె అని ఒర్రినవు గద. మంచి కోరేటోడు ఫ్యానెందుకు అడుగుతడు?"

"మరి ఎన్నడు అడగకపోతివి?"

వాడు సాంచా మీద చెయ్యి వేశాడు. "గప్పుడు అందరు నన్ను జూసి అయ్యో అన్నోళ్లేరా. మీ అవ్వ, మా అవ్వ, తాత, నా పెండ్లాం. అయ్యో పాపమని లెగ్గుపీసు ఏస్తుంటె తింటుంటి గని, లోపల నాకు నేనే పనికిరానోని లెక్క అయిపోయిన. నువ్వొక్కనివే నన్ను జూసి కుళ్లుకున్నవ్. తాగుబోతును జూసి ఎవడన్న కుళ్లుకుంటడారా? గంటే నా దగ్గర ఏదో ఉన్నట్టే గద అనుకున్న."

"నేను కుళ్లుకున్నది నేను నేసిన బట్టను జూసేరా" అన్నాను.

"గది ఎరుకనే. గని గప్పుడు గంత దూరం ఆలోచన చెయ్యలే. మంచిదే అయింది" అన్నాడు.

బస్సెక్కేటప్పుడు నా చేతిలో ఒక అంగీ గుడ్డ పెట్టాడు, తన సాంచా మీద నేసింది. బస్సు వేములవాడ దాటాక, పక్కసీటు ఆమె నిద్రలోకి జారుకుందని చూసుకుని, ఆ గుడ్డ విప్పి కిటికీ వెలుతురుకు పట్టాను. ఈ వయసులో, కళ్లజోడు సర్దుకుని, ముక్కు ఆనించి మరీ వెతికాను. ఒక్క గీతన్నా దొరక్కపోతుందా అని ఈ చివర నుంచి ఆ చివరిదాకా రెండుసార్లు చూశాను. దొరకలేదు. చిన్నగా కడుపు మండింది. గుడ్డ మడిచి ఒళ్లో పెట్టుకుని, కరీంనగర్ వచ్చేదాకా దాని మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాను.